ఎచ్చెర్ల దారిలో థాయ్ వంట: ఏది అడగాలి, ఏది వదిలేయాలి

శ్రీకాకుళం చుట్టుపక్కల మెనూ కార్డుల్లో థాయ్ అన్న మాట ఇప్పుడు వింతేమీ కాదు. 2024 ఏప్రిల్‌లో విశాఖపట్నం నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానం మొదలయ్యాక అక్కడి తిండి రుచి చూసి వచ్చినవాళ్లూ పెరిగారు. వంట మాత్రం చాలాచోట్ల మారలేదు. చైనీస్ పేజీ చివర నాలుగు పేర్లు తగిలించి, అదే సోయా సాస్, అదే కార్న్‌ఫ్లోర్ పోసి, పైన వేరుశెనగ పలుకులు చల్లి దాన్నే థాయ్ అంటున్నారు.

ఈ రివ్యూ ఎచ్చెర్ల వైపు, హైవే సర్వీసు రోడ్డు పక్కనున్న ఓ మల్టీ క్యుజీన్ రెస్టారెంట్ గురించి. బోర్డు నిండా బిర్యానీ, తందూరీ బొమ్మలే. థాయ్ వంటకాలు మెనూలో ఆఖరి పేజీలో ఎనిమిది ఉన్నాయి. వాటిలో మూడు నిజంగా బాగున్నాయి, రెండు పర్వాలేదు, మిగతావి డబ్బు దండగ. పేరు కావాలనే రాయడం లేదు. ఇటువైపు థాయ్ రుచి అంతా వంట మాస్టరు చేతిలోనే ఉంటుంది, ఆ మాస్టర్లేమో ఒకచోట నిలవరు. ఆయన మూట సర్దుకుంటే ఈ రాతకి విలువ ఉండదు. అందుకే ప్లేటు చూసి మంచిచెడ్డలు ఎలా కనిపెట్టాలో కూడా చెబుతున్నాం. అది ఏ హోటల్లోనైనా పనికొస్తుంది.

ముందు గ్రీన్ కర్రీ, అంటే పచ్చిమిరప పేస్టుతో కొబ్బరిపాలల్లో చేసే కూర. ఇక్కడ తినాల్సింది ఇదే. కారణం ఒక్కటి, కొబ్బరిపాలు కిచెన్‌లోనే తీస్తున్నారు. ఉద్దానం కొబ్బరి ఇంత దగ్గర పెట్టుకుని ప్యాకెట్ పాలు పోసే హోటళ్లని ఏమనాలో తెలియదు. ఇది కేవలం తాజాదనం సంగతి కాదు, వంట పద్ధతే దాని మీద ఆధారపడి ఉంది. రెండు ముదురు కాయలు కోరి, పావు లీటరు గోరువెచ్చని నీళ్లతో పిండితే మొదటి పాలు వస్తాయి. అదే పిప్పిలో అర లీటరు నీళ్లు పోసి పిండితే రెండో పాలు. మొదటి పాలని అరగంట కదపకుండా ఉంచితే మీగడ పైకి తేలుతుంది. ఆ మీగడని మూకుడులో సన్నని మంట మీద ఏడెనిమిది నిమిషాలు మరిగిస్తే నీరు ఇగిరి నూనె బయటికొస్తుంది. కర్రీ పేస్టు వేగాల్సింది ఆ నూనెలోనే, మూడు నాలుగు నిమిషాలు. తర్వాత చికెన్, ఆ పైన రెండో పాలు, ఆఖర్న మిగిలిన మొదటి పాలు.

చాలా ప్యాకెట్ పాలల్లో నూనె విడిపోకుండా ఎమల్సిఫయర్ కలుపుతారు. అలాంటి పాలని ఎంతసేపు మరిగించినా మీగడ విరగదు, పేస్టు వేగదు, ఊరికే ఉడుకుతుంది. నోట్లో పెట్టుకోగానే పచ్చి వెల్లుల్లి, పచ్చి నిమ్మగడ్డి వాసన తగిలిందంటే జరిగింది అదే. ప్యాకెట్ తప్పనప్పుడు రెండు చెంచాల నూనెలో పేస్టుని విడిగా వేయించి, తర్వాత పాలు పోయాలి.

గిన్నె వచ్చాక చూడాల్సింది రంగు, చిక్కదనం. మంచి గ్రీన్ కర్రీ లేత ఆకుపచ్చగా, కాస్త పాల తెలుపుతో ఉంటుంది, పైన ఆకుపచ్చ నూనె బొట్లు విడివిడిగా తేలతాయి. కళ్లు చెదిరే ఆకుపచ్చ అయితే పాలకూరో కొత్తిమీరో రుబ్బి కలిపారన్నమాట, లేదంటే రంగు. ఇది పల్చగా ఉండటమే పద్ధతి. ‘ఏటండీ ఇది, పులుసులాగుంది’ అని వాపసు ఇచ్చే కస్టమర్లున్నారు కాబట్టి సర్వర్లు ముందే ‘కొంచెం చిక్కగా చేయించమంటారా సార్’ అని అడుగుతారు. వద్దనండి. ఆ చిక్కదనం కార్న్‌ఫ్లోర్‌తో వచ్చేది. దాంతో నూనె బొట్లు మాయమవుతాయి, కారం నాలుకకి ఆలస్యంగా తగులుతుంది, పావుగంటలో పైన తెట్టు కడుతుంది.

ఈ కిచెన్‌లో పేస్టు సొంతం కాదు, థాయ్‌లాండ్ నుంచి వచ్చే డబ్బా సరుకే. అందులో తప్పేం లేదు, బ్యాంకాక్‌లోనూ ఇళ్లలో కొన్న పేస్టు వాడేవాళ్లు బోలెడుమంది. మే ప్లాయ్ బ్రాండు పేస్టు 400 గ్రాముల డబ్బాలో, మేస్రీ బ్రాండుది 114 గ్రాముల టిన్నులో దొరుకుతాయి. ఇద్దరికి 40 నుంచి 50 గ్రాములు చాలు. పేస్టులోనే ఉప్పు బాగా ఉంటుంది, పైగా ఫిష్ సాస్ పడుతుంది కాబట్టి, విడిగా ఉప్పు వేయాలంటే దించే ముందు రుచి చూసి వేయడమే. ఇక్కడి మాస్టరు చేసే తెలివైన పని ఒకటుంది. డబ్బా పేస్టులోకి కొత్తిమీర వేళ్లు, తెల్ల మిరియాలు, రెండు పచ్చిమిరపకాయలు నూరి కలుపుతున్నారు. మన బజార్లో కొత్తిమీర కట్ట వేళ్లతోనే వస్తుంది, మనం కోసి పారేస్తాం. థాయ్ వంటలో ఆ వేళ్లకే గిరాకీ. మట్టి పోయేదాకా కడిగి, గీకి, వెల్లుల్లితో నూరితే డబ్బా పేస్టుకి ప్రాణం వస్తుంది. కూరలో గుండ్రటి చిన్న పచ్చ వంకాయలు కూడా వేస్తున్నారు. అసలు పద్ధతిలో వాటితో పాటు ఉస్తికాయలు కూడా పడతాయి. ఆ చేదు కొబ్బరి తీపికి సరిగ్గా సరిపోతుంది. సీజన్‌లో అవి తెచ్చి వేయమని చెబితే వింటారేమో.

టామ్ యమ్ రెండోది. రొయ్యలతో చేసే ఈ సూపుని 2024 డిసెంబర్‌లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మన హోటళ్లు దాన్ని హాట్ అండ్ సోర్ సూప్‌కి చెల్లెలిని చేసేశాయి. వెనిగర్ పులుపు, నిమ్మ పులుపు వేరని మొదటి చెంచాకే తెలిసిపోతుంది. వెనిగర్ ముక్కులోకి ఎక్కుతుంది, నిమ్మ నోట్లోనే ఉంటుంది. ఇక్కడ నిమ్మరసమే వాడుతున్నారు, అదీ పొయ్యి కట్టేశాక పిండుతున్నారు. మరిగే సూపులో పిండితే వాసన ఆవిరైపోయి వగరు, చేదు మిగులుతాయి. రొయ్య తలలని ముందుగా కొద్ది నూనెలో నొక్కి వేయించి, నీళ్లు పోసి మరిగించి, ఆ నీళ్లతో సూపు కాస్తున్నారు, అందుకే పైన నారింజ రంగు నూనె కనిపిస్తుంది. రొయ్యలు మాత్రం ఎక్కువ ఉడికిపోయాయి. మాదిరి సైజు రొయ్యకి మరిగే నీళ్లలో రెండు నిమిషాలు చాలు. గుండ్రంగా చుట్టుకుపోయి రబ్బరులా సాగితే ఆలస్యంగా దించారన్నట్టు. ‘రొయ్యలు ఆఖర్న వేయండి’ అని ఆర్డర్‌లోనే చెబితే సరిగ్గా వచ్చింది.

గిన్నెలో తేలే నిమ్మగడ్డి కాడలు, అల్లంలా ఉండే గలాంగల్ దుంప చక్కలు, నిమ్మాకులు తినేవి కావు, చారులో కరివేపాకు ఏరినట్టు ఏరి పక్కన పెట్టడమే. అవి కనపడకుండా వడకట్టిన సూపు ఇస్తే అనుమానించాలి, పొడి కలిపి ఇచ్చి ఉండొచ్చు. గలాంగల్ బదులు అల్లం వేస్తే గొంతులో మంట వస్తుంది. గలాంగల్‌ది మంట కాదు, ఘాటైన చల్లటి వాసన. మన ఆయుర్వేద దుకాణాల్లో దుంపరాష్ట్రం పేరుతో అమ్మేది ఆ జాతి దుంపే. ఎండుముక్కలు సూపుకి బాగానే పనికొస్తాయి. పేస్టుకి మాత్రం వద్దు, అరగంట నానబెట్టినా పీచు నలగదు.

మూడో మంచి వంటకం జీడిపప్పు చికెన్. పలాస పక్కనే ఉండగా ఇది బాగోకపోతే ఎలా? గుళ్లు విరగకుండా, విడిగా దోరగా వేయించి ఆఖర్న కలుపుతున్నారు. ముందే వేస్తే సాస్ పీల్చుకుని మెత్తబడతాయి. ఎండుమిరపకాయలు నల్లబడకుండా వేగాయి. ఇంకో చెంచా తాటిబెల్లం తగ్గిస్తే ఇంకా బాగుండేది.

ఇక పాడ్ థాయ్, అంటే మూకుడులో వేయించే బియ్యం నూడుల్స్, దాని జోలికి పోకండి. ఇది అందరూ అడిగేది, దాదాపు అందరూ పాడుచేసేది. బియ్యం నూడుల్స్‌ని ఉడికించకూడదు. మామూలు నీళ్లలో ముప్పై నలభై నిమిషాలు నానబెడితే వంగుతాయి కానీ మెత్తబడవు. మిగతాది మూకుడులో సాస్ పీల్చుకుంటూ ఉడకాలి. ఇక్కడ పొద్దున్నే ఒక గంపెడు ఉడికించి, నూనె రాసి పెడుతున్నారు. సాయంత్రానికి అవి ముద్ద. ఇంకో తప్పు, ఒకే మూకుడులో నాలుగు ప్లేట్లు కలపడం. వేడి పడిపోయి నూడుల్స్ వేగకుండా చెమర్చుతాయి. ఒక విడతకి ఒకటి, మహా అయితే రెండు ప్లేట్లు. సాస్ సంగతి చెప్పనక్కర్లేదు, టమాటా కెచప్, సోయా. కావాల్సింది మూడే వస్తువులు: చింతపండు గుజ్జు, తాటిబెల్లం, ఫిష్ సాస్. ఒక ప్లేటుకి 80 గ్రాముల ఎండు నూడుల్స్ అనుకుంటే, మూడూ రెండేసి టీ చెంచాలు తీసుకుని, బెల్లం కరిగేదాకా వేడి చేసి, నాలుకకి తగ్గట్టు సర్దుకోవడమే. మన సిక్కోలులో చింతపండుకి కరువా, తాటిబెల్లానికి కరువా? టోఫూ బదులు పనీర్ వేయడం మరో పొరపాటు. పనీర్ పాల తీపి చింతపండు పులుపుతో కలవదు.

బొప్పాయి సలాడ్ పర్వాలేదు అనే జాబితాలోది. పచ్చి బొప్పాయిని తురిమి రోట్లో దంచాలి, తురిమి ఊరికే కలిపితే రసం లోపలికి పోదు. ఇక్కడ దంచకుండా ఊరికే కలుపుతున్నారు, కానీ ఎండురొయ్యలు మంచివి వేస్తున్నారు, దాంతో గట్టెక్కింది. బల్ల మీదికి రాగానే తినేయాలి, పది నిమిషాలాగితే అడుగున నీళ్లు.

బేసిల్ చికెన్‌ది వేరే కథ. అసలు వంటకంలో వేసేది తులసి జాతి ఆకే, కాకపోతే వాళ్ల రకం మెత్తగా, మిరియాల ఘాటుతో ఉంటుంది. మన ఊళ్లో కోడిమాంసంలో తులసి వేస్తే తినేవాళ్లెవరు, ఊరుకునేవాళ్లెవరు! అందుకే ఇక్కడ రుద్రజడ ఆకు వాడుతున్నారు, సోంపు వాసన వస్తుంది. తినడానికి బాగానే ఉంది, ఆ వంటకం మాత్రం కాదు. పైన వేసే గుడ్డు అంచులు కరకరలాడేలా ఎక్కువ నూనెలో వేయించమనండి.

శాకాహారులు, కార్తీకమాసం చేసేవాళ్లు ఇది తప్పకుండా గమనించాలి. మెనూలో వెజ్ గ్రీన్ కర్రీ అని ఉన్నా పేస్టులో రొయ్యల ముద్ద ఉండే అవకాశం ఎక్కువ. ఫిష్ సాస్ నెత్తళ్ల లాంటి చేపల్ని ఉప్పులో నెలల తరబడి మాగబెట్టి తీసేది, ఆయిస్టర్ సాస్ కూడా మాంసాహారమే. సర్వర్‌ని అడిగితే ‘వెజ్జే సార్’ అంటారు, అబద్ధమాడాలని కాదు, వాళ్లకి తెలియదు. డబ్బా తెప్పించి చూడండి. దిగుమతి స్టిక్కర్ మీద చతురస్రంలో గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం, ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. ఇక్కడ అడిగితే డబ్బా చూపించారు, అది త్రికోణమే. అంటే వెజ్ కర్రీ మెనూలో ఉన్నా వెజ్ కాదు. ఆ మాట మేనేజరుకి చెప్పాం, కార్డు మాత్రం మారలేదు.

అన్నం విషయంలో ఒక చిన్న గొడవ. థాయ్ కర్రీతో బాస్మతి ఇస్తున్నారు. పొడవుగా, పొడిపొడిగా ఉండే ఆ గింజ పల్చటి కూరని పట్టుకోదు, అంతా ప్లేటు అడుక్కి జారిపోతుంది. జాస్మిన్ బియ్యం లేకపోతే మామూలు భోజనాల అన్నమే అడగండి. ఇంట్లో అయితే శ్రీకాకుళం సన్నాలని కాస్త నీళ్లెక్కువ పోసి మెత్తగా వండుకుంటే చక్కగా కలుస్తుంది.

ధర బిర్యానీకి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. గ్రీన్ కర్రీ ఒకటి తీసుకుంటే ఇద్దరికి సరిపోతుంది కాబట్టి భారం కాదు. ఇంట్లో చేసుకునేవాళ్లకి ఇక్కడ తేలిగ్గా దొరకని ముఖ్యమైన సరుకు నిమ్మాకు. రెండు ఆకులు ఒకదానికొకటి అతికినట్టుండే మాక్రుట్ నిమ్మ ఆకు అది. మన దబ్బచెట్టు ఆకు దానికి దగ్గరగా వస్తుంది, అదే మాత్రం కాదు. నర్సరీలో అంటుమొక్క తెప్పించుకుని కుండీలో పెంచుకోవడం మేలు. కోసిన ఆకులు ఫ్రీజర్‌లో నెలల పాటు వాసన పోకుండా ఉంటాయి. ఫ్రిజ్ కింది అరలో పెడితే వారానికే గోధుమరంగు తిరుగుతాయి. నిమ్మగడ్డి కొనేటప్పుడు టీకి వాడే సన్నాకు రకం తీసుకోవద్దు, అడుగున వేలెడు లావు తెల్లటి దుబ్బు ఉండాలి, పేస్టుకి పనికొచ్చేది అదే. రొయ్యల ముద్దకి బదులు రొయ్యపొట్టుని వేయించి పొడి చేసి ఒక చెంచా వేసుకోవచ్చు.

పార్సిల్ తీసుకుంటే గ్రీన్ కర్రీ తీసుకోండి, దారిలో పాడవదు. కానీ ఇంట్లో వేడి చేసేటప్పుడు తెర్లనివ్వకండి, కొబ్బరిపాలు విరిగి పలుకులు కడతాయి. సన్నని సెగ మీద అంచుల్లో ఆవిరి రాగానే దించాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం తెచ్చింది రాత్రికని బయట ఉంచొద్దు, మూడు నాలుగు గంటల్లో పులిసిపోతుంది. టామ్ యమ్ అయితే నిమ్మకాయ విడిగా కట్టమని చెప్పండి, అడిగితే రెండు చెక్కలు కవర్లో వేసి ఇస్తారు.