వెనిస్ ప్యాలెస్ హోటల్: ఏ అంతస్తో అడక్కుండా డబ్బు కట్టకండి

రాత్రికి 410 యూరోల చొప్పున మూడు రాత్రులకు 1,230. అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజని, గ్రాండ్ కెనాల్ ఒడ్డున ఒక పాత భవంతిలో ఉందామని మావారు ఆర్నెల్ల ముందే బుక్ చేశారు. తీరా ఇచ్చిన గది చూస్తే నాకు ఏడుపొక్కటే తక్కువ. చెయ్యెత్తితే కప్పు తగులుతోంది. కిటికీ మోకాళ్ల ఎత్తున ఉంది. వంగి చూస్తే కాలువ లేదు, పక్కింటి పెచ్చులూడిన గోడ.

వెనిస్ వర్తకుల ఇళ్లు ఇలా ఉంటాయి: కింద నీటి గుమ్మం, పడవల్లోంచి సరుకు దింపే చోటు. దానిమీద పొట్టి అంతస్తు, లెక్కలు రాసుకునే గదులు. ఆ పైన ఇంటివాళ్లుండే ఎత్తైన అంతస్తు, దాన్నే 'పియానో నోబిలె' అంటారు. మాకు ఇచ్చింది గుమాస్తాల గది, తీసుకున్నది యజమాని గది డబ్బు!

"ఇదీ చారిత్రక గదేనండి" అంది రిసెప్షన్ అమ్మాయి. "పోనీలే, పడుకోడానికేగా" అన్నారు మావారు. నేను ఊరుకోలేదు. బుకింగ్ కాగితంలో 'కాలువ వైపు' అన్న లైను చూపించి, మేనేజర్ వచ్చేదాకా గంటన్నర అక్కడే కూర్చున్నాను. మర్నాడు పదకొండింటికి పైగది ఇచ్చారు. పాడైన మొదటి రాత్రికి ఒక్క యూరో తగ్గించలేదు.

పైన కాలువ వైపు నుంచి వెనక పెరడు దాకా ఒకటే పొడుగాటి హాలు, మురానో గాజు దీపాలు. అత్తగారు దీపాలవైపు చూడనేలేదు. చెప్పులు విడిచి నేల మీద నిలబడ్డారు.

"ఇది మన తెనాలి ఇంటి గచ్చే కదమ్మా!"

నిజమే, మొజాయిక్. అక్కడ టెరాజో అంటారు. మనం సిమెంటులో వేస్తాం. వాళ్లు పాలరాతి ముక్కల్ని సున్నంలో పరిచి, నూరి, అవిసెనూనె పట్టిస్తారు. ఆ ఊరి ఇళ్లు బురదలో దిగేసిన చెక్క గుంజల మీద నిలబడ్డవి, అటూ ఇటూ కుంగుతుంటాయి. సున్నపు గచ్చయితే ఆ కుంగుడుకు కాస్త వంగుతుంది, అంత తొందరగా పగలదు. హాలు మధ్యలో నేల చిన్న అలలా లేచి ఉంది. అత్తగారు దాన్ని అరికాలితో తడుముతూ, తెనాలి ఇల్లు కట్టినప్పుడు మామయ్యగారు గచ్చు నూరే మిషను పక్కనే పది రోజులు నిలబడ్డ సంగతి చెప్పారు. నేను ఇంత వరకూ వినలేదు.

సాన్ మార్కో చౌకు, గాజు సామాను చేసే మురానో దీవి అందరూ చూసేవే, మేమూ చూశాం. వాపొరెత్తో (కాలువల్లో తిరిగే పడవ బస్సు) టికెట్ 75 నిమిషాలకు 9.50 యూరోలు. హోటల్లో టిఫిన్ మనిషికి 32, దండగ. రియాల్టో బజారులో పళ్లు కొనుక్కోండి. సిటీ ట్యాక్స్ వేరే కట్టాలి.

బుక్ చేసేముందు ఏ అంతస్తు, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, లిఫ్ట్ ఉందా అని మెయిల్లో అడిగి, జవాబు రాతలో తీసుకోండి. మాకు లిఫ్ట్ లేదు, 44 మెట్లు. అత్తగారు ఆ మోకాళ్లతోనే రోజూ రెండుసార్లు ఎక్కారు. పైకి రాగానే చెప్పులు విడిచేసేవారు.