ఐదేళ్లు వాడిన రిమోట్ యాక్సెస్: ఒక లైబ్రేరియన్ అనుభవం

"సార్, పేపర్ ఓపెన్ చేస్తే డబ్బులడుగుతా ఉంది సార్." రాత్రి తొమ్మిదిన్నరకి ఆత్మకూరు నుంచి మా కాలేజీ ఎంటెక్ అమ్మాయి ఫోన్. స్క్రీన్‌షాట్ పంపమన్నాను. ఒక్క పరిశోధన వ్యాసానికి 39 డాలర్ల చిల్లర. పైన అడ్రసు చూస్తే విషయం అర్థమైంది. గూగుల్‌లో వెతుక్కుని నేరుగా ప్రచురణకర్త సైట్‌లోకి పోయింది. "అట్ట కాదమ్మా, మన లైబ్రరీ పేజీలో లాగినై అక్కణ్ణుంచి పో" అన్నాను. రెండు నిమిషాలకి "వచ్చింది సార్" అని మెసేజ్. ఐదేళ్లుగా నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే.

మాది నెల్లూరు పొలిమేరల్లో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. 2020 దాకా మా ఈ-జర్నళ్లన్నీ, అంటే నెట్‌లో చదివే పరిశోధన పత్రికలన్నీ, ఐపీ అడ్రసు మీదే నడిచేవి. కాలేజీ స్టాటిక్ ఐపీని (మా నెట్ కనెక్షన్‌కుండే మారని నంబరు) ప్రచురణకర్తలకు రాసిస్తాం, ఆ నంబరు నుంచి ఎవరొచ్చినా లోపలికి రానిస్తారు. లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు. హాయిగా ఉండేది, క్యాంపస్ దాటనంతవరకే. క్యాంపస్‌లోనే ఉండి వైఫై ఆపేసి సొంత డేటా మీద చూసే పిల్లలకూ తలుపు మూసే ఉండేది, కారణం వాళ్లకు తెలిసేది కాదు. ఒకసారి నెట్ ఇచ్చేవాళ్లు మాకు చెప్పకుండా ఐపీ మార్చేశారు. అన్ని జర్నళ్లూ ఒక్కరోజే మూతబడ్డాయి. ఒక్కో ప్రచురణకర్తకూ కాలేజీ మెయిల్ నుంచి కొత్త నంబరు రాసి తెరిపించేసరికి రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత లాక్‌డౌన్. క్యాంపసే ఖాళీ. లక్షలు పోసి కొన్నవి ఎవరికీ అందని పరిస్థితి.

2020 ఆగస్టులో, క్యాంపస్ బయటి నుంచి కూడా జర్నళ్లు చదవనిచ్చే రిమోట్ యాక్సెస్ సర్వీసు తీసుకున్నాం. పేరు చెప్పను, ఈ రకానివన్నీ దాదాపు ఒకే తీరున పనిచేస్తాయి. (కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ వాళ్ల పత్రాల్లో రిమోట్ యాక్సెస్ ఉందా అనే గడి లేకపోతే మా యాజమాన్యం ఇంత త్వరగా సంతకం పెట్టేది కాదని నా అనుమానం.) పిల్లవాడు తన ఐడీతో లాగినైతే, మధ్యలో ఉన్న ప్రాక్సీ మన తరఫున జర్నల్ తెచ్చి చూపిస్తుంది. వెబ్ అడ్రసు చివర మా కాలేజీ పేరు తగులుకుంటుంది. అది కనబడితే లోపల ఉన్నట్టు, లేదంటే బయట ఉన్నట్టు. మొదటి ఏడాది బ్యాచ్‌కి నేను నేర్పేది ఈ ఒక్క గుర్తే.

దీనివల్ల నిజంగా కలిసొచ్చింది లాగ్, అంటే ఏ ఐడీతో ఎప్పుడు ఏం తెరిచారో రాసిపెట్టే చిట్టా. 2022లో ఒకరోజు పొద్దున్నే ఒక ప్రచురణకర్త నుంచి మెయిల్: మీ వైపు నుంచి రాత్రి అతిగా డౌన్‌లోడ్లు జరిగాయి, యాక్సెస్ ఆపేశాం. ప్రాక్సీ ఐపీనే ఆపేశారు కాబట్టి ఇళ్ల దగ్గరున్న అందరికీ బంద్. లాగ్ తీస్తే ఒకే ఐడీ కింద రాత్రి ఒంటిగంట నుంచి మూడింటి దాకా పీడీఎఫ్‌లు వరసగా దిగుతున్నాయి. మనిషి చేతి వేగం కాదది. పిలిపిస్తే ఉదయగిరి వైపు అబ్బాయి, బ్రౌజర్‌లో ఏదో ఎక్స్‌టెన్షన్ పెట్టి మూడు సంపుటాలు మొత్తం లాగాడు. "ఊరికి పోతే నెట్ అందదు సార్, అందుకని ముందే దించుకున్నా." తిట్టబోయినవాణ్ణి ఆగిపోయాను. హెచ్‌ఓడీ ఫైన్ వేద్దామన్నారు. నేను వారం రోజులు ఐడీ ఆపి, జరిగింది జరిగినట్టు ప్రచురణకర్తకు రాశాను. నాలుగో రోజు తెరిచారు. పాత ఐపీ పద్ధతిలోనే ఉండి ఉంటే ఆ అబ్బాయి ఎవరో తేలేదే కాదు.

ఇక చిక్కుల సంగతి. ప్రచురణకర్త సైట్ మార్చినప్పుడల్లా ప్రాక్సీలో ఆ సైట్ సెట్టింగు కూడా మార్చాలి. సర్వీసు వాళ్లు తమంతట తాము మార్చరు, మనం గుర్తించి ఫిర్యాదు టికెట్ పెట్టాలి. పేజీ తెరుచుకుంటుంది, పీడీఎఫ్ నొక్కితే మాత్రం బయటికి నెట్టేస్తుంది. ఇలాంటి సగం పనిచేసే తప్పు పట్టుకోవడమే కష్టం. అందుకే ప్రతి సోమవారం ఇంటి నుంచి ఒక్కో జర్నళ్ల ప్యాకేజీలో ఒక్కో పీడీఎఫ్ తెరిచి చూస్తాను. సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు దాటి, సరిగ్గా ప్రాజెక్టు రివ్యూల వారంలో బ్రౌజర్లన్నీ 'ఇది సురక్షితం కాదు' అన్న రోజు కూడా ఉంది. వెళ్లిపోయిన బ్యాచ్ ఐడీలు మనం తీసేస్తేనే పోతాయి. ఒక సీనియర్ పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి, ఒకే గంటలో రెండు ఊళ్ల నుంచి లాగిన్లు కనబడ్డాయి.

సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేనిదే అయినా చెప్పాల్సిన దెబ్బ ఒకటుంది. ఒక ప్యాకేజీ ఖరీదెక్కువని ఆపేశాం. మానేసిన మర్నాడు, మేం డబ్బు కట్టిన సంవత్సరాలవి కూడా తెరుచుకోలేదు. ఒప్పందం తీసి చదివితే, చందా ఉన్నన్నాళ్లే చదువుకునే హక్కని స్పష్టంగా ఉంది. సంతకం పెట్టేముందు నేనే చదవలేదు. అదే జర్నల్ 2004 నాటి బైండింగ్ సంపుటాలు బీరువాలో చెక్కుచెదరకుండా ఉన్నాయి, చెద మందు వాసనతో.

చందాలు జనవరి నుంచి డిసెంబరు. మా అకౌంట్స్ సెక్షన్‌కి ఏడాది మొదలయ్యేది ఏప్రిల్‌లో, అదీ ఫీజు రీయింబర్స్‌మెంటు పడితే. ప్రచురణకర్తలిచ్చే గ్రేస్ గడువు అయిపోయాక ఫిబ్రవరిలో నేను ప్రిన్సిపాల్ గది ముందు నిలబడటం ఏటా ఉండేదే. అప్పుడు పనికొచ్చేది కౌంటర్ (COUNTER) రిపోర్టు, అంటే జర్నళ్ల వాడకం లెక్క. అందులో ఎన్ని వ్యాసాలు తెరిచారన్నదాని కంటే, చందా లేక ఎన్నిసార్లు వెనుదిరిగారన్న అంకె చూపిస్తే పని త్వరగా అవుతుంది.

కావలిలో ఎయిడెడ్ కాలేజీ మిత్రుడు నన్ను చూసి నవ్వుతాడు. వాళ్లకు కాలేజీలకు ఈ-జర్నళ్లు అందించే ఎన్-లిస్ట్ పథకం 2010 నుంచి ఉంది, ఏడాదికి కొద్దిపాటి రుసుముతో. ఎవరి ఐడీ వాళ్లకు ఉంటుంది కాబట్టి ఇంటి నుంచైనా చదువుకోవచ్చు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు తెరుచుకున్నాయి, మూడేళ్లకు 6,000 కోట్లు. అవి ప్రభుత్వ సంస్థలకే. మా బోటి ప్రైవేటు వాళ్లు బయటే.

రిమోట్ యాక్సెస్ కొనొచ్చా అని అడిగేవాళ్లకు: పిల్లలు రోజూ బస్సుల్లో వచ్చిపోయే కాలేజీ అయితే కొనండి, ఐపీ ఒక్కటే చాలదు. కానీ దాన్ని చూసుకోవడానికి ఒక మనిషికి వారంలో ఒక పూట కేటాయించండి. ఈ డిసెంబరు రెన్యువల్‌కి మూడేళ్లు ఒకేసారి కడితే తగ్గిస్తామన్నారు. ఏడాదికే కట్టించాను. ఆ 'వన్ నేషన్' పెద్ద తలుపు మాకూ ఎప్పుడైనా తెరుస్తారేమోనని.