మునిగిన ఓడ జాడ: ఒక్క స్పష్టమైన చిత్రమా, పది మసక చిత్రాలా?

మునిగిన ఓడల కోసం ఉపగ్రహ చిత్రాలు గాలించేవారు ముందుగా తెరిచేది గూగుల్ ఎర్త్. లోతు తక్కువై నీరు తేటగా ఉంటే అదే మేలు. అమెరికాలోని పొటోమాక్ నది ఒడ్డున మాలోస్ బే చూడండి. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు చెక్క ఓడల శిథిలాలు అక్కడ వందకు పైగా ఉన్నాయి. మొనదేలిన వాటి ఆకారాలు పైనుంచి చక్కగా గుర్తుపట్టవచ్చు. కొన్నింటి మీద ఏకంగా చెట్లే మొలిచాయి.

తీరం దాటి లోపలికి వెళ్తే మాత్రం గూగుల్ ఎర్త్‌లో కనిపించే సముద్రపు అడుగు చాలావరకు ఫొటో కాదు, లోతుల లెక్కలతో గీసిన బొమ్మ. 2009లో కెనరీ దీవుల దగ్గర కనిపించిన గళ్లను చూసి అట్లాంటిస్ దొరికిందని గోల చేశారు. చివరికి అవి సోనార్‌తో, అంటే ధ్వని తరంగాలతో, లోతు కొలుస్తూ ఓడలు తిరిగిన దారులని తేలింది!

బురద నీటిలో నా ఓటు ల్యాండ్‌శాట్, సెంటినెల్-2 అనే ఉపగ్రహాలు మళ్లీ మళ్లీ తీసే చిత్రాలకే. రెండూ ఉచితం. స్పష్టత తక్కువన్నది నిజమే. ల్యాండ్‌శాట్ 8లో ఒక్కో చుక్క 30 మీటర్లు, అంటే 135 మీటర్ల ఓడ నాలుగైదు చుక్కలకు మించదు. అయినా బెల్జియంలోని జీబ్రూగ్ తీరంలో పరిశోధకులు ల్యాండ్‌శాట్ 8 చిత్రాలతోనే శాన్‌సిప్, శామ్‌వర్న్ అనే రెండు ఓడల జాడ చూపించారు. వారికి కనిపించింది ఓడలు కాదు, వాటి నుంచి బయలుదేరిన బురద చారలు. ప్రవాహం ఓడకు తగిలి చుట్టూ గుంత తవ్వుతుంది. నీరు నిలకడగా ఉన్నప్పుడు ఆ గుంతలో మెత్తటి బురద పేరుకుంటుంది. మళ్లీ వేగం పుంజుకోగానే అది పైకి లేచి ఉపరితలం దాకా వస్తుంది. అలా సాగిన చారలు 4 కిలోమీటర్ల వరకు కనిపించాయి.

వేర్వేరు తేదీల చిత్రాలు కావాలనేది ఇందుకే. పోటు వేళ ఒకవైపు సాగిన చార ఆటు వేళ రెండోవైపు తిరగాలి, మొదలయ్యే చోటు మాత్రం కదలకూడదు. మేఘం నీడైనా, పడవ వెనుక నురగైనా ఈ పరీక్షకు నిలవవు. అడుగున బండ ఉంటే నిలవవచ్చు, అందుకే నావిక పటంతో సరిచూసుకోవాలి. ఎంత స్పష్టమైనదైనా ఒక్క చిత్రంతో ఈ పని కాదు.

లోతు నీటిలో గూగుల్ ఎర్త్, ఈ ఉపగ్రహ చిత్రాలు రెండూ దండగే. 2022లో అంటార్కిటికా దగ్గర మునిగిన ఎండ్యూరెన్స్ ఓడ 3,008 మీటర్ల లోతున దొరికింది, అదీ నీటి అడుగున నడిచే యంత్రాలతో. వెలుతురు చొరని చోట సోనార్ తప్ప దారి లేదు.

ఆ మాటకొస్తే జీబ్రూగ్ దగ్గరే నిప్పన్, న్యూట్రాన్ అనే మరో రెండు ఓడలు చాలావరకు అడుగున కూరుకుపోయి ఉన్నాయి. వాటి నుంచి చారలు రాలేదు. కాబట్టి చార లేదని ఏ చోటునూ జాబితా నుంచి కొట్టేయకండి, సోనార్ పడవ వెళ్లేదాకా ఉంచండి.