మొదటి ఏడాది ఆఫర్ చూసి డొమైన్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇవి చూసుకోండి

డాట్ కామ్ దొరకలేదనో, ఖరీదెక్కువనో డాట్ టాప్, డాట్ ఎక్స్‌వైజెడ్, డాట్ క్లిక్ లాంటివి కార్ట్‌లో వేసుకున్నవాళ్లు కాస్త ఆగండి. ముందున్న పేరు మీ ఒక్కరిదే, చివరున్న తోక, అంటే ఎక్స్‌టెన్షన్ మాత్రం అందరిదీ. అక్కడ మోసగాళ్లు ఎక్కువైతే ఆ చెడ్డపేరులో మీకూ వాటా వస్తుంది. సైట్ మామూలుగానే తెరుచుకుంటుంది కాబట్టి తేడా వెంటనే తెలియదు. మీరు పంపిన ఇన్‌వాయిస్ అవతలివాళ్ల స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉందని తెలిసేసరికి విజిటింగ్ కార్డులు కూడా అచ్చయిపోయి ఉంటాయి.

ఎక్స్‌టెన్షన్‌లో సాంకేతికంగా ఏ లోపమూ లేదు. పేరును బట్టి సైట్ ఎక్కడుందో చెప్పే డీఎన్‌ఎస్‌కి అన్నీ ఒకటే. తిరకాసంతా ధరలో ఉంది. ఫిషింగ్ చేసేవాడికి, అంటే నకిలీ సైట్లతో పాస్‌వర్డ్‌లు కాజేసేవాడికి ఒక పేరు పనికొచ్చేది కొన్ని గంటలో, కొన్ని రోజులో. మోసపు పేర్ల జాబితా అయిన బ్లాక్‌లిస్ట్‌లోకి ఎక్కగానే దాన్ని వదిలేసి ఇంకోటి కొంటాడు, రెన్యువల్ ఊసే ఉండదు. అందుకే మొదటి ఏడాది ఎక్కడ కారుచవకో, ఒకేసారి వందల పేర్లు ఎక్కడ ఇస్తారో అక్కడికే పోతాడు. ఉచితంగా పంచితే ఏమవుతుందో ఫ్రీనామ్ ఉదంతంలో చూశాం. డాట్ టీకే, డాట్ ఎంఎల్, డాట్ జీఏ పేర్లను ఊరికే ఇచ్చిన ఈ సంస్థ మీద ఫిషింగ్ విషయంలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా కోర్టుకెక్కింది. 2023లో కొత్త రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. అదే ఏడాది గాబన్ (డాట్ జీఏ), మాలి (డాట్ ఎంఎల్) దేశాలు తమ ఎక్స్‌టెన్షన్లను వెనక్కి తీసుకున్నాయి. 2024లో డొమైన్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ఫ్రీనామ్ ప్రకటించింది. ఈ గొడవలో బుద్ధిగా సైట్లు నడుపుకుంటున్నవాళ్ల పేర్లు కూడా పోయాయి. ఇక డాట్ టాప్‌ను నడిపే సంస్థకు (ఇలా ఎక్స్‌టెన్షన్‌ను నడిపేదాన్నే రిజిస్ట్రీ అంటారు), ఫిషింగ్ ఫిర్యాదులను సరిగా పట్టించుకోవడం లేదంటూ 2024 జులైలో డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ ఒప్పంద ఉల్లంఘన నోటీసు ఇచ్చింది.

అసలు దెబ్బ మెయిల్ దగ్గర తగులుతుంది. స్పామ్‌అసాసిన్ అనే ఫిల్టర్‌లో, అనుమానాస్పదమైన కొత్త ఎక్స్‌టెన్షన్ల నుంచి మెయిల్ వస్తే చాలు, అదనంగా పాయింట్లు వేసే రూల్ ఉంది. మామూలు సెట్టింగ్‌లో 5 పాయింట్లకు చేరితే స్పామ్ కిందే లెక్క. ఎక్స్‌టెన్షన్ ఒక్కటే మిమ్మల్ని ముంచదు గానీ, దానికి నిన్నమొన్న కొన్న పేరు, మెయిల్‌లో నాలుగే మాటలు, ఒక పెద్ద బొమ్మ తోడైతే గీత దాటడం ఎంతసేపు? మెయిల్ సర్వర్లు చూసుకునే కొందరు అడ్మిన్లు ఈ లెక్కలేవీ లేకుండా ఎక్స్‌టెన్షన్ మొత్తాన్నీ గేటు దగ్గరే ఆపేస్తారు. మెయిల్ ధ్రువీకరణ సెట్టింగ్‌లైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అన్నీ సరిగ్గానే పెట్టాం కదా అంటారేమో. అవి మెయిల్ పంపింది మీరేనని రుజువు చేస్తాయి, అంతే. మీరు మంచివాళ్లని చెప్పవు. అయినా పెట్టుకోక తప్పదు: రోజుకు 5000 మెయిళ్ల స్థాయిలో పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఆ మూడింటినీ తప్పనిసరి చేసింది.

కొన్న రోజే మెయిళ్లు మొదలుపెట్టకండి. బ్లాక్‌లిస్ట్‌లు నడిపే స్పామ్‌హౌస్‌లో కొత్తగా పుట్టిన పేర్లను 24 గంటలపాటు ఉంచే జాబితా ఒకటుంది, ఎక్స్‌టెన్షన్ ఏదైనా సరే. రెండు మూడు వారాలు ఆగి, తెలిసినవాళ్లకు కొద్దికొద్దిగా పంపుతూ పెంచండి.

గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ సైటే డాట్ ఎక్స్‌వైజెడ్ మీద నడుస్తోంది కదా అని వాదించేవాళ్లు ఉంటారు. దాని వెనకాల గూగుల్ ఉంది, మీ వెనకాల ఎవరున్నారు?

స్పామ్‌లో పడటం కంటే ముదిరిన సమస్య సర్వర్‌హోల్డ్, అంటే రిజిస్ట్రీయే మీ పేరును ఆపేయడం. బ్లాక్‌లిస్ట్‌లో కనిపించిన పేరును కొన్ని రిజిస్ట్రీలు విచారణ లేకుండానే నిలిపేస్తాయి. సైట్, మెయిల్ ఒక్కసారిగా మాయం. హోస్టింగ్‌వాళ్లను ఎంత అడిగినా వాళ్ల సర్వర్‌లో లోపమేమీ దొరకదు. డొమైన్ వివరాలు చూపించే ఆర్‌డాప్‌లో పేరు వెతికి స్టేటస్ చూడండి. క్లయింట్‌హోల్డ్ అని ఉంటే ఆపింది మీరు పేరు కొన్న సంస్థ, అంటే రిజిస్ట్రార్, సర్వర్‌హోల్డ్ అని ఉంటే రిజిస్ట్రీ. రెండోదైతే రిజిస్ట్రార్ చేతిలో ఏమీ ఉండదు. ముందు సైట్‌లోకి ఎవరైనా చొరబడ్డారేమో చూసి శుభ్రం చేయాలి, తర్వాత బ్లాక్‌లిస్ట్ నుంచి పేరు తీయించుకోవాలి, ఆ తర్వాతే రిజిస్ట్రీకి రాయాలి. వరుస మారితే అర్జీ తిరిగొస్తుంది. ఇదంతా నడుస్తున్నన్నాళ్లూ ఆ డొమైన్ మీదున్న మెయిల్ పనిచేయదు కాబట్టి, రిజిస్ట్రార్ ఖాతాకు వేరే డొమైన్ మీది మెయిల్ ఇచ్చి ఉంచండి. చాలామంది ఇక్కడే దొరికిపోతారు.

డాట్ జిప్‌ది వేరే కథ. 2023 మేలో గూగుల్ దీన్ని అందరికీ తెరిచింది. ఫైల్ పేరు లాగే ఉండటంతో మెసేజ్‌లో రాసిన ఫైల్ పేరు తానే లింక్‌గా మారి, ఎవరో కొనిపెట్టుకున్న సైట్‌కి తీసుకెళ్లే ప్రమాదం ఉంది. ఆ భయంతోనే దాన్ని పూర్తిగా బ్లాక్ చేసుకున్న నెట్‌వర్క్‌లు ఉన్నాయి. వ్యాపారానికి వద్దు.

కొనేముందు పేరు పాత చరిత్ర తవ్వండి. మీకు కొత్తగా కనిపించే పేరు ఇదివరకు ఎవరో వాడి పారేసినదై ఉండొచ్చు. వేబ్యాక్ మెషీన్‌లో పాత పేజీలు చూడండి. చెడ్డపేర్ల జాబితాలకెక్కిందేమో స్పామ్‌హౌస్, ఎస్‌యూఆర్‌బీఎల్, వైరస్‌టోటల్‌లో ఒకసారి వెతకండి. సైట్లకు జారీ అయిన భద్రతా సర్టిఫికెట్ల లాగ్‌లు చూపించే సీఆర్‌టీ డాట్ ఎస్‌హెచ్‌లో ఆ పేరు కొట్టి చూడటం నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. బ్యాంకు పేర్లతో, లాగిన్, వెరిఫై లాంటి మాటలతో సబ్‌డొమైన్లు (పేరు ముందు చేర్చే ఉప పేర్లు) కనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా వదిలేయండి.

ధర చూసేటప్పుడు రెన్యువల్ ధరే చూడండి, ఆఫర్‌ది కాదు. చాలా కొత్త ఎక్స్‌టెన్షన్లలో ధరకు పై పరిమితి లేదు. పెంచేముందు రిజిస్ట్రీ 180 రోజుల ముందే చెప్పాలి గానీ, చెప్పాల్సింది రిజిస్ట్రార్‌కి, మీకు కాదు. పేరు పక్కన ప్రీమియం అని ఉంటే ఆ రేటు ఏటా పడుతుందో, ఒక్కసారే పడుతుందో రాతపూర్వకంగా అడగండి. నచ్చిన ధరను గరిష్ఠంగా 10 ఏళ్లకు ముందే కట్టేసుకోవచ్చు. రెండక్షరాల ఎక్స్‌టెన్షన్లు దేశాలవి, వాటి నియమాలు ఎవరివి వాళ్లవే.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు మంచి ఎక్స్‌టెన్షన్‌లో ఇంకో పేరు తీసుకుని, ముందు మెయిల్‌ను అక్కడికి మార్చండి. తర్వాత సైట్‌ను మార్చి, పాత పేజీలకు వచ్చినవాళ్లను కొత్తవాటికి శాశ్వతంగా పంపే 301 రీడైరెక్ట్ పెట్టండి. పాతది చెత్తే కదా అని రెన్యువల్ ఆపొద్దు. గడువు దాటాక రిజిస్ట్రార్‌ని బట్టి గరిష్ఠంగా 45 రోజుల వెసులుబాటు, ఆపైన అదనపు రుసుము కడితేనే తిరిగొచ్చే 30 రోజులు, చివరి 5 రోజుల తర్వాత ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాడికి మీ పాత చిరునామాకు వచ్చే ప్రతి మెయిలూ చేరుతుంది, పాస్‌వర్డ్ మార్చుకునే లింకులతో సహా.