మేడమ్ ఎక్స్, లేడీ ఆగ్న్యూ: సార్జెంట్ కుంచెలో ఇద్దరు

అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ బొమ్మల్లో ఎక్కువ పేరు మోసింది ‘మేడమ్ ఎక్స్’. 1884లో పారిస్ సలోన్‌ అనే పెద్ద చిత్రకళా ప్రదర్శనలో పెట్టినప్పుడు, గౌను పట్టీ భుజం మీంచి జారి ఉందని పెద్ద గొడవైంది; తర్వాత ఆయనే దాన్ని పైకి మార్చి గీశాడు. నల్ల గౌను, పాలిపోయిన ఒళ్లు, పక్కకు తిప్పిన మొహం. ఆమె మనవైపు చూడనే చూడదు.

నా ఓటు మాత్రం 1892 నాటి ‘లేడీ ఆగ్న్యూ’కే. తెల్ల గౌను, నడుముకు లేత ఊదా పట్టీ. కుర్చీలో వెనక్కి వాలి నేరుగా మన కళ్లలోకి చూస్తుంది, ఏదో అడగబోతున్నట్టు. ఆ గౌను దగ్గరికెళ్తే ఒట్టి కుంచె గీతలే. నాలుగడుగులు వెనక్కేస్తే మెరిసే పట్టు! మొదటి బొమ్మ తెచ్చిన రచ్చ తర్వాత ఆయన పారిస్ వదిలి లండన్ చేరాడు. అక్కడ పెద్దింటివాళ్లు ఆయన దగ్గరికి వరస కట్టడానికి ఈ రెండోదే బాగా కలిసొచ్చింది.