సినిమా గోడ మీద పెయింటింగ్ ఏదో తెలియాలంటే: లెన్స్ మేలా, మనుషులు మేలా?

"ఈ సీన్‌లో గోడకున్న పెయింటింగ్ ఎవరిది?" అంటూ స్క్రీన్‌షాట్ పంపేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. దాని వెంటే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: ఫోటో ఇస్తే అదేంటో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో చూస్తే సరిపోతుందా, తెలిసినవాళ్లని అడగాలా, ఎండ్ టైటిల్స్ చూడాలా? అందరికీ విడివిడిగా చెప్పే బదులు నాకు తెలిసింది ఒకచోట రాస్తున్నాను.

బాగా పేరున్న పెయింటింగ్ అయితే లెన్స్‌ని మించింది లేదు. స్కైఫాల్ (2012)లో గూఢచారి బాండ్, అతనికి ఆయుధాలూ పరికరాలూ ఇచ్చే క్యూ మొదటిసారి కలుసుకునేటప్పుడు వాళ్ల ఎదురుగా కనిపించే ఓడ బొమ్మ ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ 1839లో వేసిన ఫైటింగ్ టెమెరేర్. ఫెర్రిస్ బ్యూలర్స్ డే ఆఫ్ (1986)లో షికాగో మ్యూజియంలో కుర్రాడు కళ్లార్పకుండా చూసే చుక్కల బొమ్మ ఫ్రెంచ్ చిత్రకారుడు సెరా వేసింది. ఇలాంటివి లెన్స్ వెంటనే చెప్పేస్తుంది. కాకపోతే స్క్రీన్‌షాట్ మొత్తం ఇస్తే అది హీరో మొహాన్నో వెనకున్న సోఫానో పట్టుకుంటుంది. కెమెరా కదలకుండా ఉన్న ఫ్రేమ్ చూసుకుని, పటం చట్రం లోపలి భాగం మాత్రమే కత్తిరించి, పక్క నుంచి తీసిన షాట్ అయితే ఫోన్‌లోనే వంకర సరిచేసి ఇవ్వండి. రంగులు కలవకపోయినా ఫరవాలేదు, సినిమాకి కలర్ గ్రేడింగ్ (రంగుల ఛాయలు మార్చడం) చేశాక పెయింటింగ్ రంగులు కూడా మారిపోతాయి కదా, బొమ్మలో ఏది ఎక్కడుందో కలిస్తే చాలు.

లెన్స్‌తో చిక్కల్లా పేరు దగ్గర ఆగిపోవడమే. థామస్ క్రౌన్ అఫైర్ (1999)లో దొంగిలించే పెయింటింగ్ సంగతే చూడండి, అది ఫ్రెంచ్ చిత్రకారుడు మోనేది. వెనిస్‌లో సంధ్యవేళ సాన్ జార్జో మజ్జోరే చర్చిని 1908లో మోనే ఒక్కసారే వేసి ఊరుకోలేదు, ఒకటి బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఉంది, దానికి బాగా దగ్గరగా ఉండే ఇంకోటి టోక్యోలో ఉంది. సినిమాలో కనిపించేది కార్డిఫ్‌ది, కథలో మాత్రం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో వేలాడుతుంది. పేరు తెలియగానే వెతకడం ఆపేస్తే ఈ తేడా పట్టుబడదు.

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం వేరే ఉంది. లెన్స్ చూపించగలిగేది ఇప్పటికే ఎక్కడో పేరుతో సహా నెట్‌లోకి ఎక్కిన బొమ్మనే. ఎక్కని బొమ్మ దగ్గర మనిషి కన్నే పనికొస్తుంది. స్టూవర్ట్ లిటిల్ (1999)లో ఆ ఇంటి హాల్లో గోడకి ఒక పెయింటింగ్ ఉంటుంది, నల్లటి కూజా పక్కన నిద్రపోతున్న స్త్రీ. హంగరీ చిత్రకారుడు రోబెర్ట్ బెరేనీ వేసిన ఆ బొమ్మ 1928లో ప్రదర్శనలో కనిపించాక జాడ లేకుండా పోయింది. 2009లో గెర్గెయ్ బార్కి అనే కళా చరిత్రకారుడు తన కూతురితో కలిసి టీవీలో ఆ సినిమా చూస్తూ దాన్ని గుర్తుపట్టాడు. అంతకుముందు ఆయన చూసింది పాత నలుపు తెలుపు ఫోటో ఒక్కటే! ఆరా తీస్తే, ఆ సినిమాకి సెట్ అలంకరణ పని చేసిన ఆమె అమెరికాలోని పాసడీనాలో పాత వస్తువుల షాపులో చవగ్గా కొన్నదని, సినిమా అయ్యాక తన ఇంట్లో పెట్టుకుందని తేలింది. 2014లో బుడాపెస్ట్‌లో వేలం వేస్తే రెండు లక్షల యూరోలు దాటింది. బెరేనీ మీద ఏళ్లుగా పనిచేసిన మనిషి కాబట్టి పట్టుకోగలిగాడు.

మనుషుల్ని అడగడానికి ఇంకో కారణం, ఒక బొమ్మ ఆ సీన్‌లో ఎందుకుందో వాళ్లే చెప్తారు. డాక్టర్ నో (1962)లో విలన్ స్థావరంలో స్పెయిన్ చిత్రకారుడు గోయా వేసిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ పటం కనిపించగానే బాండ్ ఒక్క క్షణం ఆగి చూస్తాడు. దాన్ని అంతకు ముందు సంవత్సరమే లండన్ నేషనల్ గ్యాలరీలో ఎవరో దొంగిలించారు, సినిమా వచ్చేనాటికి ఇంకా దొరకలేదు. పేరొక్కటే తెలిస్తే ఆ చూపులో సరదా అర్థం కాదు.

సినిమా కోసమే వేయించినవి వేరే రకం. గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్ (2014)లో అందరూ కొట్టుకునే 'బాయ్ విత్ యాపిల్' చూడ్డానికి వందల ఏళ్ల నాటిదిలా ఉంటుంది కానీ మైకెల్ టేలర్ అనే ఇప్పటి చిత్రకారుడు ఆ సినిమా కోసం వేసింది. లెన్స్‌లో బొమ్మకి బదులు సినిమా పేరే మళ్లీ మళ్లీ వస్తుంటే ముందు ఈ అనుమానం పెట్టుకోండి.

ఎండ్ టైటిల్స్ ఆధునిక చిత్రకారుల విషయంలో బాగా పనికొస్తాయి, ఎందుకంటే కాపీరైట్ ఉన్న బొమ్మకి అనుమతి తీసుకుంటే ఆ పేరు చివర్లో వేసే అవకాశం ఎక్కువ. అనుమతి లేకుండా వాడితే గొడవే: అమెరికన్ చిత్రకారిణి ఫెయిత్ రింగోల్డ్ బొమ్మ ఉన్న పోస్టర్ ఒక టీవీ సీరియల్ సెట్‌లో మొత్తం కలిపి అర నిమిషం కూడా కనిపించలేదు, అయినా 1997లో అమెరికా అప్పీలు కోర్టు ఆమె వైపే మొగ్గింది. కాపీరైట్ తీరిపోయిన పాత బొమ్మలకి ఈ దారి అంతగా పనికిరాదు. టిన్ఐ అనే ఫోటోలు వెతికే సైట్ అచ్చం అదే ఫోటో ఎక్కడుందో వెతకడానికి మంచిది, గోడ మీద ఏటవాలుగా ఉన్న పటానికి కాదు. ఏఐ చాట్‌బాట్లు తప్పు పేరు కూడా అంతే ధీమాగా చెప్తాయి, నేనైతే వాటితో మొదలుపెట్టను.

మనుషుల్ని అడిగేటప్పుడు కత్తిరించిన బొమ్మతో పాటు సీన్ మొత్తం ఉన్న ఫ్రేమ్, సినిమా పేరు, ఎన్నో నిమిషమో, లెన్స్‌లో ఏమొచ్చిందో కూడా రాయండి. రెడ్డిట్‌లో ఇలా పెయింటింగులు గుర్తుపట్టే పనే పెట్టుకున్న గుంపు ఉంది. అక్కడ పేరు చెప్పినా సరే, మ్యూజియం వెబ్‌సైట్‌లో ఆ బొమ్మ పేజీ తెరిచి మీ ఫ్రేమ్ పక్కన పెట్టి చూడండి. అంచుల దగ్గర తేడా ఉంటే కంగారు పడొద్దు, సెట్‌లో అసలు బొమ్మకి బదులు ప్రింటు పెట్టి, చట్రంలో పట్టడానికి దాన్ని కోసి ఉండొచ్చు. మధ్యలో మనుషుల చేతులు, తల తిరిగిన వైపు, నీడలు కలవకపోతే మాత్రం అది అదే చిత్రకారుడి ఇంకో వెర్షనో వేరేవాళ్లు వేసిన నకలో అయ్యుంటుంది, మళ్లీ వెతకాల్సిందే.