షికాగోలో బ్లూస్ వినాలంటే: ఏ క్లబ్బు, ఏ రాత్రి, ఎక్కడ బస

షికాగో వచ్చే మనవాళ్ళ లిస్టు దాదాపు ఒకేలా ఉంటుంది. మిలీనియం పార్కులో బీన్ అనే పెద్ద స్టీలు శిల్పం దగ్గర ఫొటో, విల్లిస్ టవర్ మీద అద్దాల బాల్కనీ, నదిలో పడవ, డెవాన్ స్ట్రీట్‌లో షాపింగ్, అరోరాలో బాలాజీ గుడి, లెమాంట్‌లో రాముడి గుడి. చీకటి పడేసరికి నేపర్‌విల్‌లోనో షాంబర్గ్‌లోనో ఉన్న చుట్టాలింటికి చేరి, భోంచేసి పడుకోవడం. నల్లజాతి అమెరికన్ల సంగీతం బ్లూస్‌లో ఈ ఊరు ప్రపంచానికిచ్చిన రకం మాత్రం సరిగ్గా ఆ వేళకే మొదలవుతుంది.

నేను జూన్‌లో బ్లూస్ కోసమే వెళ్ళాను. గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటే. బ్లూస్ దగ్గర కూర్చుని వినాల్సిన సంగీతం. గది ఎంత చిన్నదైతే అంత మంచిది. క్లబ్బు, హోటల్, రైలు అన్నీ ఆ ఒక్క లెక్క మీదే ఎంచుకోండి.

కొంచెం వెనక కథ తెలిస్తే వినేటప్పుడు రుచి పెరుగుతుంది. బ్లూస్ పుట్టింది షికాగోలో కాదు, దక్షిణాన మిసిసిపీ పత్తి పొలాల్లో. అక్కడి వివక్ష, పేదరికం భరించలేక నల్లజాతి కుటుంబాలు ఇల్లినాయ్ సెంట్రల్ రైలెక్కి ఉత్తరాదికి వచ్చేశాయి. ఫ్యాక్టరీల్లో, మాంసం ప్యాకింగ్ షెడ్లలో పని దొరికింది. షికాగో బ్లూస్‌లో పెద్ద పేరైన మడ్డీ వాటర్స్ కూడా అలాగే 1943లో క్లార్క్స్‌డేల్ దగ్గరి స్టోవాల్ తోట వదిలి వచ్చారు. పల్లెలో వరండాలో కూర్చుని వాయించే గిటార్ ఇక్కడి బార్ల గోలలో వినపడదు. అందుకే కరెంటు గిటార్ పట్టుకున్నారు. మాక్స్‌వెల్ స్ట్రీట్ ఆదివారం సంతలో కళాకారులు పక్క ఇళ్ళవాళ్ళకు డబ్బులిచ్చి కిటికీల్లోంచి వైరు లాక్కుని వాయించేవారు. షికాగో బ్లూస్‌లో ఉన్న ఆ కరుకుదనం, ఆ పెద్ద గొంతు అంతా ఆ సంత గోల మీద గెలవడానికి వచ్చిందే.

ఇక క్లబ్బులు. మొదట అందరూ వెళ్ళేది బడ్డీ గైస్ లెజెండ్స్. డౌన్‌టౌన్ దక్షిణపు అంచున సౌత్ లూప్ పేటలో, వాబాష్ అవెన్యూ మీద ఉంది. 1936లో లూసియానాలో పుట్టి, 1957లో షికాగో వచ్చిన బడ్డీ గై 1989లో పెట్టిన క్లబ్బు ఇది. 2010లో అదే వీధిలో కాస్త పక్కకు మారింది. హాలు పెద్దది, సౌండ్ శుభ్రంగా ఉంటుంది, గోడల నిండా గిటార్లు, ఫొటోలు. లూసియానా వంటలు దొరుకుతాయి కాబట్టి భోజనం, సంగీతం ఒకేచోట అయిపోతాయి. గంబో, క్యాట్‌ఫిష్ ఇష్టపడేవాళ్ళకు పండగే, శాకాహారులకు మాత్రం ఎంపిక తక్కువ. సాయంత్రం పూట వెళ్తే హడావిడి ఉండదు. అమ్మానాన్నలను తీసుకెళ్ళాలంటే నా ఓటు దీనికే. కుర్చీ దొరుకుతుంది, రైలు స్టేషన్ పక్కనే, త్వరగా బయటపడొచ్చు. లోటు ఒకటుంది. శుక్ర, శనివారాల్లో టూరిస్టులు ఎక్కువ. పాట నడుస్తుండగానే పక్క టేబుల్ వాళ్ళు గట్టిగా కబుర్లు చెప్పుకుంటారు. నెమ్మదిగా సాగే పాటలో అది చాలా బాధ పెడుతుంది. మంగళ, బుధవారాల్లో ఏదైనా ప్రోగ్రాం ఉంటే అది పట్టుకోండి.

కింగ్‌స్టన్ మైన్స్ ఉత్తరాన హాల్‌స్టెడ్ స్ట్రీట్‌లో ఉంది, 1968 నుంచీ నడుస్తోంది. దీని పద్ధతి వేరు. రెండు గదులు, రెండు స్టేజీలు, రెండు బ్యాండ్లు. ఇక్కడ ఒకళ్ళు సెట్ (విరామం దాకా వాయించే ఒక విడత) ముగించగానే అవతల రెండో బ్యాండ్ అందుకుంటుంది. జనం గ్లాసులు పట్టుకుని ఆ గదిలోకి నడుస్తారు. సంగీతం ఆగదు, తెల్లవారుజాము దాకా సాగుతుంది. డాన్స్ చేసేవాళ్ళకు, స్నేహితుల గుంపుతో వెళ్ళేవాళ్ళకు ఇదే బాగుంటుంది. నాకు మాత్రం ఇక్కడ పాటలు ఎక్కువగా అందరికీ తెలిసినవే వాయిస్తున్నట్టు అనిపించింది. అర్ధరాత్రి దాటాక కాలేజీ కుర్రాళ్ళ సందడి పెరుగుతుంది.

నేను మళ్ళీ వెళ్ళేది రోజాస్ లౌంజ్‌కి. లోగన్ స్క్వేర్ వైపు ఆర్మిటేజ్ అవెన్యూ మీద, బయటనుంచి చూస్తే మామూలు పేట బార్. ఇటలీలోని మిలాన్ నుంచి బ్లూస్ మీద ప్రేమతో వచ్చిన టోనీ మాన్‌జులో అనే డ్రమ్మర్, వాళ్ళమ్మ రోజా కలిసి 1984లో పెట్టారు. అమ్మ పేరే క్లబ్బు పేరు. సముద్రం దాటొచ్చి, వేరేవాళ్ళ సంగీతాన్ని సొంతం చేసుకుని, ఇన్నేళ్ళు నిలబెట్టడం నాకు చాలా గొప్పగా అనిపించింది. లోపల పొడుగాటి గది, చివర స్టేజీ. ముందు టేబుల్ దొరికితే వాయించేవాళ్ళ చెప్పులు కూడా కనపడతాయి.

నేను వెళ్ళిన రాత్రి హార్మోనికా వాయించే పెద్దాయన నా ఎదురుగానే నిలబడ్డారు. ఆ చిన్న వాయిద్యాన్ని, మైకును కలిపి రెండు అరచేతుల్లో మూసి పట్టుకున్నారు. వేళ్ళు కాస్త తెరిస్తే శబ్దం పలచబడుతుంది, మూస్తే బొంగురుగా, మనిషి ఏడుస్తున్నట్టు వస్తుంది. ఒక్కో హార్మోనికా ఒక్కో శ్రుతికే పనికొస్తుంది కాబట్టి పక్కన స్టూలు మీద తెరిచిన పెట్టెలో అరడజను పైనే పేర్చి ఉన్నాయి. పాట అవ్వగానే చేతిలోదాన్ని అరచేతిలో టపటపా కొట్టి, రుమాలుతో తుడిచి పెట్టెలో పెట్టడం, గిటారిస్టు వేలితో ఏదో సైగ చేయగానే చూడకుండానే ఇంకోటి తీయడం. ఇవి పెద్ద హాల్లో కనపడవు. మైకులోంచి కాక నేరుగా ఆయన ఊపిరి వినపడటం కూడా ఇక్కడే సాధ్యం.

బ్లూస్ పాట కట్టుబడి తేలిక. ఒక వరుస పాడతారు, అదే మళ్ళీ పాడతారు, మూడో వరుసలో దానికి జవాబు. ప్రతి వరుస తర్వాత గిటారో హార్మోనికానో ఒక మాట అందుకుంటుంది. బుర్రకథలో కథకుడి పక్కన వంతలు అందుకున్నట్టే. ప్రేక్షకులు కూడా ఊరుకోరు, మధ్యలో అరిచి ఉత్సాహపరుస్తారు. భాష అంతా అర్థం కాకపోయినా రెండో పాటకల్లా ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ అందుకుంటుందో మనకే తెలిసిపోతుంది. చిన్న గదిలో కూర్చోమని అంతగా చెప్పడానికి కారణం అదే. అక్కడ మనం కూడా ఆ జవాబులో భాగం.

జూన్ మొదట్లో జరిగే షికాగో బ్లూస్ ఫెస్టివల్ దీనికి పూర్తిగా ఎదురు రకం. 1984లో మొదలైంది, అంతకు ముందు ఏడాదే మడ్డీ వాటర్స్ పోయారు. 2017 నుంచి మిలీనియం పార్కులో జరుగుతోంది. ప్రవేశం ఉచితం. పెద్ద కచేరీలు జరిగే ప్రిట్జ్‌కర్ పెవిలియన్‌లో నాలుగు వేల కుర్చీలు, వెనక పచ్చిక మీద ఇంకో ఏడు వేలమందికి చోటు. పచ్చిక మీద స్టీలు పైపుల పందిరికి స్పీకర్లు వేలాడదీశారు, అందుకని వెనక కూర్చున్నా సౌండ్ బాగుంటుంది. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళడానికి ఇంతకు మించిన చోటు లేదు. దుప్పటి పరుచుకుని పులిహోర తింటూ విన్న తెలుగు కుటుంబాలు నాకు కనిపించాయి, చాలా సంతోషమేసింది. గేటు దగ్గర బ్యాగులు వెతుకుతారు కాబట్టి తక్కువ సామానుతో వెళ్ళండి. జూన్ కదా అని పల్చటి బట్టలతో వెళ్ళొద్దు, సాయంత్రం సరస్సు గాలి వణికిస్తుంది. నా సలహా ఏమిటంటే, పగలంతా పార్కులో చిన్న స్టేజీల దగ్గర గడపండి. ఎవరి వాయిద్యం నచ్చిందో పేరు రాసుకుని, ఆ రాత్రి వాళ్ళు ఏ క్లబ్బులో ఉన్నారో చూసుకోండి. ఫెస్టివల్ వారంలో ఊళ్ళో కళాకారులందరూ పగలొకచోట, రాత్రొకచోట వాయిస్తుంటారు.

పగలు ఖాళీగా ఉంటే 2120 సౌత్ మిషిగన్ అవెన్యూకి వెళ్ళండి. పోలండ్ నుంచి వచ్చిన అన్నదమ్ములు లెనార్డ్, ఫిల్ చెస్ నడిపిన రికార్డుల కంపెనీ చెస్ రికార్డ్స్ 1957 నుంచి పదేళ్ళు ఇక్కడే ఉండేది. మడ్డీ వాటర్స్, హౌలిన్ వుల్ఫ్, చక్ బెర్రీ ఈ కంపెనీ వాళ్ళే. 1964లో ఇంగ్లండ్ రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్ కుర్రాళ్ళు అమెరికా రాగానే వెతుక్కుంటూ వచ్చి రికార్డు చేసుకున్న స్టూడియో ఇది. ఇప్పుడు పాటల రచయిత విల్లీ డిక్సన్ పేరు మీద బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ దీన్ని చూసుకుంటోంది. ఇరుకు భవనం, గైడు తోడుగా తిప్పుతారు. అన్ని రోజులూ తెరవరు, ముందే చూసుకుని వెళ్ళండి. డౌన్‌టౌన్‌లో స్టేట్ స్ట్రీట్ దగ్గర ఒక భవనం గోడంతా మడ్డీ వాటర్స్ బొమ్మ ఉంది. బ్రెజిల్ చిత్రకారుడు ఎడువార్డో కోబ్రా 2016లో వేసింది. అక్కడ ఐదు నిమిషాలు ఆగితే చాలు.

బస గురించి కచ్చితంగా చెప్పాలి. బ్లూస్ కోసం వెళ్తే శివార్లలో చుట్టాలింట్లో ఉండొద్దు. వాళ్ళు ఎంత ప్రేమగా పిలిచినా సరే, క్లబ్బుకెళ్ళే రాత్రులు ఊళ్ళోనే ఉండండి. నేపర్‌విల్‌కి మెట్రా రైలు బాగానే ఉంటుంది కానీ అర్ధరాత్రి దాటితే చిక్కే. ఆఖరి రైలు టెన్షన్‌తో గడియారం చూస్తూ కూర్చుంటే రెండో సెట్ వినలేం. అసలు కళాకారులు ఒళ్ళు మరిచి వాయించేది రెండో సెట్‌లోనే. నేను సౌత్ లూప్‌లో ఒక మధ్యతరగతి హోటల్లో దిగాను. గది శుభ్రంగా ఉంది, లెజెండ్స్‌కి నడిచి వెళ్ళేంత దగ్గర. అయితే బుక్ చేసినప్పుడు కనపడని సౌకర్యాల రుసుము చెక్ అవుట్‌లో వేశారు. అడిగితే చిన్న అక్షరాల్లో ఉందని చూపించారు. దానికి తోడు ఊరి హోటల్ పన్నులు 17 శాతం పైనే. మొత్తం ఎంతవుతుందో చివరి పేజీ దాకా వెళ్ళి చూశాకే బుక్ చేయండి. రోజాస్‌కే ఎక్కువసార్లు వెళ్ళేటట్టయితే లోగన్ స్క్వేర్‌లో అద్దె గది మేలు. చెట్లున్న వీధులు, మంచి కాఫీ దుకాణాలు, ధర కూడా కాస్త తగ్గుతుంది. కారు మాత్రం డౌన్‌టౌన్‌కి తేవద్దు. రాత్రి పార్కింగే యాభై డాలర్లు దాటిపోతుంది.

రెడ్ లైన్, బ్లూ లైన్ రైళ్ళు ఇరవై నాలుగు గంటలూ నడుస్తాయి, బ్లూస్ ప్రేమికులకు ఇది పెద్ద వరం. లెజెండ్స్‌కి రెడ్ లైన్‌లో హారిసన్ స్టేషన్, కింగ్‌స్టన్ మైన్స్‌కి ఫుల్లర్టన్. రోజాస్‌కి బ్లూ లైన్ దిగాక మైలు దాకా ఉంటుంది, వెళ్ళేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు క్యాబ్ తీసుకోండి. బాగా పొద్దుపోయాక ఖాళీ పెట్టెలో కూర్చోకుండా డ్రైవర్ ఉండే మొదటి పెట్టె ఎక్కితే మంచిది. రెండు గంటలప్పుడు ఆడవాళ్ళు ఒంటరిగా ఉంటే నేరుగా క్యాబే.

క్లబ్బుల్లో 21 ఏళ్ళ నిబంధన గట్టిగా పాటిస్తారు. ఇండియా నుంచి వచ్చినవాళ్ళు అసలు పాస్‌పోర్టే తీసుకెళ్ళాలి, జిరాక్సు చూపిస్తే లోపలికి పంపరు. జుట్టు నెరిసినా అడుగుతారు, నొచ్చుకోవద్దు. మందు తాగకపోయినా ఏమీ అనుకోరు, సోడాలో నిమ్మకాయ పిండించుకుని ఎన్ని గంటలైనా కూర్చోవచ్చు. టిప్పు మాత్రం మరవకండి. సెట్ మధ్యలో బకెట్టో డబ్బానో తిప్పుతారు. వాయించేవాళ్ళ రాబడిలో అది నిజంగా లెక్కకొచ్చే డబ్బు. టొరాంజో కానన్ ఈ ఊరి పేరున్న గిటారిస్టు, ఆల్బమ్‌లు చేసి విదేశాల్లో కచేరీలిచ్చిన మనిషి. ఆయన ఏళ్ళ తరబడి పగలు షికాగో సిటీ బస్సు నడిపి, రాత్రి గిటార్ వాయించారు. అంతటివాళ్ళ పరిస్థితే అది. సీడీ అమ్ముతుంటే కొనండి, ఇంట్లో ప్లేయర్ లేకపోయినా సరే.

నన్ను బాధపెట్టిన విషయం కూడా చెప్పాలి. ఈ సంగీతం పెరిగింది దక్షిణ, పశ్చిమ పేటల్లో. థెరిసాస్, చెకర్‌బోర్డ్ లాంటి పేరున్న చోట్లన్నీ ఎప్పుడో మూతపడ్డాయి. మాక్స్‌వెల్ స్ట్రీట్ పాత సంతను 1994లో యూనివర్సిటీ విస్తరణ కోసం అక్కడినుంచి తరలించారు. ఇప్పుడు టూరిస్టు వినే క్లబ్బులు ఎక్కువగా డౌన్‌టౌన్‌లో, ఉత్తరాన ఉన్నాయి. వింటున్నవాళ్ళలో ఆ పేటల మనుషులు తక్కువ. దక్షిణాన ఏదైనా పేట హాల్లోనో పార్కులోనో పగటి కచేరీ ఉందని తెలిస్తే మిగతా ప్లాన్ పక్కనపెట్టి వెళ్ళమంటాను.

రాబోయే కచేరీల్లో దేన్ని ఎంచుకోవాలంటే, క్లబ్బు పేరు చూసి కాక బ్యాండు పేరు చూసి వెళ్ళండి. మూడు క్లబ్బుల క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుంటే అవే పేర్లు తిరుగుతుంటాయి. ఒకే బ్యాండు శనివారం పెద్ద క్లబ్బులో, గురువారం చిన్నదాంట్లో ఉంటే గురువారం టికెట్టే కొనండి. హార్మోనికా ఉన్న బ్యాండు అయితే ఇంక ఆలోచించొద్దు. హార్మోనికా వాయించే బిల్లీ బ్రాంచ్ పేరు కనిపిస్తే ముందు వరస కోసం తలుపు తెరిచే వేళకే చేరుకోండి. ఇక జనవరి. తన క్లబ్బులో బడ్డీ గై స్వయంగా వాయించే నెల అది. ఏళ్ళుగా సాగుతున్న ఆనవాయితీ. టికెట్లు అమ్మకానికి పెట్టగానే అయిపోతాయి కాబట్టి శరదృతువు నుంచే క్యాలెండర్ మీద కన్నేసి ఉంచాలి. అప్పటి చలికి భయపడేవాళ్ళు హోటల్‌ని లెజెండ్స్‌కి రెండు వీధుల లోపలే తీసుకోండి, ఆ నెలలో గది అద్దెలు కూడా వేసవి కంటే బాగా తగ్గుతాయి.